కొండ వేళ, మన వేళ

నల్లమలలోని సలేశ్వరం లింగమయ్య దర్శనం ఏటా చైత్ర పౌర్ణమి ముందువెనుకల కొద్ది రోజులే. అక్కడ చెంచులే పూజారులు. "దేవుడికి కూడా వేళలేమిటి, సెలవు దొరికినప్పుడు పోతే కాదా?" అని మన యువకులు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే.

పెద్దలు పాటించిన వేళను గమనించండి. అప్పుడు ఎండ ఉన్నా వాగులు పొంగవు. రాత్రి నడకకు వెన్నెల తోడుంటుంది. జాతర ముగిశాక అడవి మళ్లీ జంతువులది.

పెద్ద శిఖరాల దగ్గరా ఇదే న్యాయం. మన గిరిజన బిడ్డ మలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద సాధన చేసి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఎంత సాధన చేసినవారైనా అక్కడ గాలి తగ్గే రోజు కోసం గుడారాల్లో కాచుకోవాల్సిందే.

దేవుడి వేళను నమ్మడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. నీళ్లు, తిండి, తాడు, దారి తెలిసిన మనిషి, ఇవన్నీ సమకూర్చుకోవడం మన పని. వేళ మాత్రం మన చేతిలో లేదు. దారి మధ్యలో వాన ముంచుకొస్తే వెనుదిరగడం భక్తి తక్కువై కాదు. మొక్కు మరో ఏడాది ఆగుతుంది, ప్రాణం ఆగదు. పిల్లలకు కొండ ఎక్కడంతోపాటు దిగి రావడం కూడా నేర్పుదాం.