సంశయ భారం ఎవరిది?

సత్యం మానవ ప్రమాణాలకు అందనప్పుడు సంశయ భారాన్ని ఎవరు మోయాలన్నది ధర్మశాస్త్రానికీ ఆధునిక న్యాయశాస్త్రానికీ ఉమ్మడి ప్రశ్న. 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చిన మితాక్షరకు మూలమైన యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారానికి, అంటే న్యాయవిచారణకు, నాలుగు పాదాలు చెప్పింది: అభియోగాన్ని వివరించే భాష, ప్రతివాది చెప్పుకొనే ఉత్తరం, రుజువు చూపే క్రియ, నిర్ణయమైన సాధ్యసిద్ధి. ఆరోపణ ఏమిటో తెలిపి, నిందితుడి సమాధానం విన్న తర్వాతే రుజువుల వైపు వెళ్లాలన్న ఈ క్రమం, అభియోగాలను చదివి వినిపించి వివరించే నేటి క్రిమినల్ కోర్టులోనూ కనిపిస్తుంది.

అయితే లిఖితం, భుక్తి (అనుభవంలో ఉండటం), సాక్షి అనే మానవ ప్రమాణాలు కొరవడినప్పుడు స్మృతి దివ్యాన్ని, అంటే దైవపరీక్షను, ఆశ్రయించింది. అగ్నిదివ్యంలో అభియుక్తుడు అరచేతుల్లో ఏడు రావి ఆకులు ఉంచుకొని, వాటిపై ఎర్రగా కాలిన ఇనుప గుండును పట్టుకొని ఏడు మండలాలు నడవాలి. చేతులు కాలకుంటేనే నిర్దోషి. ఇక్కడ దైవం సాక్షి అయినా, సంశయాన్ని మోసేది నిందితుడి దేహమే.

తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యమివ్వాలని నిందితుణ్ణి బలవంతపెట్టరాదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణం, దాని వెలుగులో నిర్బంధ నార్కో పరీక్షలను తోసిపుచ్చిన 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఆ భారాన్ని దేహం మీది నుంచి దించాయి. సహేతుకమైన సందేహం మిగిలితే నిందితుణ్ణి విడిచిపెట్టడం నేరాన్ని మన్నించడం కాదు. సర్వజ్ఞత్వం దైవానిదే తప్ప న్యాయపీఠానిది కాదని ఒప్పుకొనే వినయం.