చూడవచ్చిన వారి బాధ్యత



క్రిస్మస్ దివ్యపూజ ముగిశాక కుటుంబమంతా కలిసి విహారానికి వెళ్ళడం మన విచారణల్లో చాలామందికి అలవాటు. అందులో తప్పేమీ లేదు. అయితే సృష్టి అందాన్ని అనుభవించే హక్కు మనకు ఎంతవరకు ఉంది? పులికాట్ సరస్సు ఈ ప్రశ్నను మన ముందుంచుతుంది.

మన దేశంలో చిలికా తరువాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు ఇది. ఆంధ్ర, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దున ఉంది. బంగాళాఖాతానికీ దీనికీ నడుమ శ్రీహరికోట దీవి. ముఖద్వారాల గుండా సముద్రపు నీరు, ఏరుల గుండా మంచినీరు వచ్చి కలుస్తాయి. ఆ కలయిక వల్లనే చేపలు, రొయ్యలు పెరుగుతాయి. జాలరి కుటుంబాలు బ్రతుకుతాయి. చలికాలంలో ఫ్లెమింగో పక్షులు వేలాదిగా మేతకు దిగుతాయి. ఇసుక మేటవేసి ముఖద్వారం పూడితే ఈ సమతూకం చెడుతుంది. మనం దగ్గరికి పోయి కేకలు వేస్తే పక్షులు మేత విడిచి లేచిపోతాయి. మనకది ఒక ఫొటో. వాటికి ఒక పూట ఆకలి.

2011 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, ఈ సరస్సులో తమిళనాడు వైపున విహారానికి వచ్చినవారి పడవ బోల్తాపడింది. అందులో పరిమితికి మించి ఎక్కారు. పసివారితో సహా ఇరవై మందికి పైగా మరణించారు. ఇటువంటివి విన్నప్పుడు "అంతా దేవుని చిత్తం" అని ఊరుకోవచ్చునా? గాలి, అల, ప్రవాహం మన చేతిలో లేవు. పడవలో ఎందరు ఎక్కాలన్నది మాత్రం మనుషుల నిర్ణయమే. స్వేచ్ఛ ఉన్నచోట బాధ్యత ఉంటుంది. పోయినవారిని తప్పుపట్టడానికి కాదు ఈ మాట. బ్రతికి ఉన్న మన కోసం. బాధ్యత పడవ నడిపేవాడిది ఒక్కడిదే కాదు, "ఇంకొక్కరే కదా" అని బతిమాలే మనదీను.

పునీత అక్వినాసు తోమాసు వివేకాన్ని మిగిలిన నైతిక సుగుణాలకు దారిచూపేదిగా భావించారు. వివేకమంటే పిరికితనం కాదు. పక్షులకు దూరంగా నిలబడటం, నిండిన పడవ నుండి దిగిపోవడం, ఈ రెండూ ఒకే సుగుణం. రెండుచోట్లా నా సరదా కంటె ప్రాణం పెద్దదని ఒప్పుకుంటున్నాం.

మన అనకాపల్లి జిల్లాలోనే, అచ్యుతాపురం దగ్గర, కొండకర్ల ఆవ ఉంది. అది మంచినీటి చెరువైనా ధర్మం ఒక్కటే. తల్లిదండ్రులారా, అక్కడ దోనె ఎక్కేముందు మనుషులను లెక్కపెట్టండి. లైఫ్ జాకెట్లు లేకపోతే ఒడ్డునే ఉండండి. తిన్న ప్లాస్టిక్ సంచులను ఇంటికి తెచ్చుకోండి. "దగ్గరికి ఎందుకు పోకూడదు నాన్నా?" అని పిల్లవాడు అడుగుతాడు. విసుక్కోక జవాబు చెప్పండి. సృష్టిని గూర్చి వాడు నేర్చుకునే మొదటి నీతిపాఠం అదే.