ఒంటరివాడు కాని దేవుడు

త్రిత్వం గురించి చెప్పమంటే మన విశ్వాసుల్లో చాలామంది ఇబ్బంది పడతారు. నమ్మకం లేక కాదు, విడమరచి చెప్పడం రాక. చివరికి సండే స్కూల్లో విన్న మంచుగడ్డ, నీళ్లు, ఆవిరి చెప్పి గట్టెక్కుతారు. మూడో శతాబ్దంలో రోములో సబెల్లియస్ బోధించిందీ దాదాపు ఇదే: దేవుడు ఒక్కడే, మూడు వేషాల్లో కనిపిస్తాడని. సంఘం ఆ బోధను తోసిపుచ్చింది. అదే నిజమైతే గెత్సేమనే తోటలో యేసు ప్రార్థించింది ఎవరికి?

త్రిత్వం పండితులు కూర్చుని అల్లిన సిద్ధాంతమని కొందరంటారు. ఆరాధన ముగిశాక పాస్టరుగారు చేతులెత్తి ఇచ్చే ఆశీర్వాదం పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలోని చివరి మాట. తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ అందులో ఉన్నారు. కుమారుడు దేవుడేనని తేల్చిన నీసియా సభ జరిగింది 325లో. ఆ పత్రిక అంతకు రెండున్నర శతాబ్దాలకు పైగా ముందుది. నిర్వచనం దొరక్కముందే సంఘం ముగ్గురి పేరా దీవెన అందుకుంటోంది.

నీసియాలో తగువుకు కారణమైన అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్ నాస్తికుడేమీ కాదు. అతని భక్తే అతన్ని తప్పుదారి పట్టించిందని నాకనిపిస్తుంది. దేవుడు మహోన్నతుడు, మట్టిని ముట్టడు, కాబట్టి కుమారుడు ఆయన చేసిన మొదటి సృష్టి అన్నాడు. ఈ మాట ఒప్పుకోనందుకు అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ తన జీవితంలో ఐదుసార్లు ప్రవాసం పోయాడు. (మనిషి మహా మొండి, మెత్తనివాడేమీ కాదు.) సృష్టి అయినవాడు సృష్టిని దేవునితో కలపలేడన్నది ఆయన వాదన. సిలువ మీద వేలాడినవాడు దేవుడు కాకపోతే, దేవుడు ఎవరినో పంపి తాను ఒడ్డున ఉండిపోయినట్టే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు అలాంటి దేవుడి పేరెత్తడానికి నాకు నోరు రాదు.

దేవుడు ప్రేమ అని యోహాను రాశాడు. లోకం పుట్టకముందు ఆయన ఎవరిని ప్రేమించాడు? ఒంటరిగా ఉండి ఉంటే, ప్రేమించడానికి మనం పుట్టేదాకా ఆగాలి. అంటే ఆయనకు మనతో అవసరం పడింది. అవసరం ఉన్నవాడితో బేరం కుదురుతుంది. ఇంత కానుక వేస్తే ఇంత దీవెన అని నేడు టీవీల్లో వినిపించే బోధ అలాంటి దేవుడికైతే సరిపోతుంది. తండ్రీ కుమారుల మధ్య, ఆత్మలో, ఆదినుంచీ ప్రేమ నిండుగా ఉంటే, ఆయనకు మన దగ్గర తీసుకోవలసిందేమీ లేదు. మనల్ని చేసింది కొరత తీర్చుకోవడానికి కాదు. మన కానుకకు కృతజ్ఞత తప్ప వేరే పనిలేదు.

జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ 1980లో త్రిత్వ సిద్ధాంతం నుంచే పెత్తనాలను ప్రశ్నిస్తూ పుస్తకం రాశాడు. దేవుని అంతరంగం నుంచి పరిపాలన సూత్రాలు తీయడానికి నాకు కొంచెం జంకు. అయినా ఒక్కడి మాటే చెల్లే సంఘాలను చూసినప్పుడల్లా మోల్ట్‌మన్ గుర్తొస్తాడు.

నా మటుకు నాకు త్రిత్వం ఎక్కువగా పనికొచ్చింది ప్రార్థన రాని రోజుల్లో. ఆసుపత్రి వరండాలో అమ్మకోసం కూర్చున్న రాత్రి నోట ఒక్క మాట పెగల్లేదు. మనకు ప్రార్థించడం తెలియనప్పుడు ఆత్మే మూలుగులతో మనకోసం వేడుకుంటాడని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. అదే అధ్యాయంలో కుమారుడూ మనకోసం తండ్రిని వేడుకుంటున్నాడు. అంటే నేను నోరు తెరవకముందే ప్రార్థన జరుగుతోంది. నా భక్తి బలం మీద అది ఆధారపడి లేదు. అది తెలియడమే ఆ రాత్రి నాకు చాలా ఊరట.

పెంతెకొస్తు తర్వాత వచ్చే ఆదివారాన్ని అనేక సంఘాలు త్రిత్వ ఆదివారంగా ఆచరిస్తాయి. ఆ రోజు వాక్యం చెప్పే పాస్టర్లకు నాదొక మనవి. ఉదాహరణలేవీ చెప్పకండి. కుమారుడు తండ్రితో మాట్లాడిన యోహాను సువార్త పదిహేడో అధ్యాయం మొత్తం నెమ్మదిగా చదివి వినిపించండి.