వెదురు గొట్టంలో రోజూ కొంత



పోయిన పున్నమికి పూడూరులో కూర్చున్నప్పుడు ఒక అక్క అడిగింది: "మనకే లేదు గదా అన్నా, ఎక్కడో పరదేశంలో వరదల మునిగినోళ్లకు మనమేం ఇస్తం?"

న్యాయమైన ప్రశ్నే. తైవాన్‌లో కొందరు ఇల్లాళ్లు దీనికి జవాబు చేసి చూపించారు. 1966లో హువాలియెన్‌లో చెంగ్ యెన్ అనే భిక్షుణి వెంట ముప్పై మంది గృహిణులు కలిశారు. ధనవంతులు కారు. కూరగాయలకు పోయే ముందు రోజూ యాభై సెంట్లు వెదురు గొట్టంలో వెయ్యమన్నది ఆమె. "నెలకోసారి పదిహేను డాలర్లు ఇస్తే సరిపోదా?" అన్నారు వాళ్లు. లెక్క ఒకటే. అయినా ఆమె ఒప్పుకోలేదు. నెలకోసారి ఇస్తే కరుణ నెలకోసారే లేస్తుంది గదా!

ఆ సొమ్ముతో మొదట తమ చుట్టుపక్కల బీదలనే చూసుకున్నారు. పరదేశం సంగతి పాతికేళ్ల తర్వాత. 1991లో బంగ్లాదేశ్‌ను తుపాను ముంచినప్పుడు ఆ త్జు చి సంస్థ సాయం మొదటిసారి దేశం దాటింది. అక్కడ ఎక్కువమంది బౌద్ధులు కారు. ఇల్లు, ఊరు, ఆ తర్వాత లోకం. మైత్రీ భావనలో మనసు నడిచే దారీ ఇదే.

మన అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీయే 1908లో హైదరాబాద్‌ను ముంచింది. నీళ్లు ఇక్కడివి, ఏడుపు అక్కడిది. ఇందులో పరాయి ఊరేది?

ఆ అక్కకు చెప్పిందే మీకూ చెప్తున్నా. ఇంట్లో ఒక డబ్బా పెట్టండి. రోజుకు రూపాయి, పిల్లల చేత వేయించండి. వచ్చే పున్నమికి తెండి. ముందు మన వాడలో మంచాన పడ్డోళ్ల మందులకు వాడుదాం.