ఖాళీ కుండను ఎవరు నింపాలి?

పిల్లల బాగోగులు ఎవరి బాధ్యత అని అడిగితే మనమంతా ఒకే మాట చెబుతాం: “అందరిదీ.” మాట మంచిదే. కానీ అందరిదీ అనుకున్న పని చాలాసార్లు ఎవరిదీ కాకుండా పోతుంది.

మీ ఊరి అంగన్‌వాడీనే తలచుకోండి. మూడేళ్ల పాప బరువు రెండు నెలలుగా పెరగలేదనుకుందాం. టీచరమ్మ తూకం వేసి రిజిస్టరులో రాసింది. ఆయా గుడ్డు ఉడికించి పెట్టింది. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. తల్లి కూలికి పోయింది. ఎవరి పని వాళ్లు చేశారు. కానీ పాప గుడ్డు ముట్టడం లేదని ఆయాకు తెలుసు, టీచరుకు తెలీదు. నాలుగు రోజులుగా విరేచనాలని పక్కింటి అవ్వకు తెలుసు, నర్సమ్మకు తెలీదు. తెలిసిన సంగతులు ఒక్కచోట చేరలేదు. ఈలోగా పాప చిక్కిపోయింది. ఇందులో దుర్మార్గులెవరూ లేరు. ఎరుక లేదు, అంతే.

గోసింగ సాలవనంలో అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు అనే ముగ్గురు భిక్షువులు కలిసి ఉండేవారు. మీరు పాలూ నీళ్లలా కలిసి ఉంటున్నారా అని బుద్ధుడు వారిని అడిగాడు. ఉంటున్నామని అనురుద్ధుడు చెప్పాడు. ఎలాగో కూడా వివరించాడు. భిక్ష నుంచి ముందు తిరిగొచ్చినవాడు ఆసనాలు వేసి, నీళ్లు సిద్ధం చేస్తాడు. చివర వచ్చినవాడు అన్నీ సర్ది ఊడుస్తాడు. నీళ్ల కుండ ఖాళీ అయిందని ఎవరు చూస్తే వాళ్లే నింపుతారు. ఒక్కడి వల్ల కాకపోతే చేతితో సైగ చేసి మరొకరిని పిలుస్తాడు. ఐదు రోజులకొకసారి రాత్రంతా కూర్చుని ధమ్మం మాట్లాడుకుంటారు.

గమనించండి. “ఇది నా వంతు కాదు” అన్న మాట అక్కడ లేదు. బరువైతే సాయం అడగడానికి సిగ్గు కూడా లేదు. కలిసి పనిచేయడమంటే ఇదే.

మరి నాయకుడి పని ఏమిటి? చిన్నపిల్లవాడైన రాహులుడికి ప్రవ్రజ్య ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు తల్లడిల్లిపోయాడు. ఇకపై తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ బిడ్డనూ సంఘంలో చేర్చుకోవద్దని వేడుకున్నాడు. బుద్ధుడు ఆ మాట విన్నాడు. దాన్ని సంఘానికి నియమం చేశాడు. శాస్త అయినవాడు ఒక ముసలి తండ్రి దుఃఖం విని, పిల్లల కోసం నియమం పెట్టాడు. మనలో నలుగురికి పెద్దగా ఉన్నవాళ్లం, మన ఆయా మాట ఎన్నిసార్లు విన్నాం?

పిల్లల దగ్గర ఖాళీ కుండను ముందుగా చూసేది చాలాసార్లు పదవిలో ఉన్నవాళ్లు కాదు. అన్నం కలిపిపెట్టేవాళ్లు, ముక్కు తుడిచేవాళ్లు. వాళ్లు నోరు విప్పడానికి భయపడితే ఎంత పెద్ద మీటింగు పెట్టినా దండగే. “నేను చెప్పింది చెయ్యి” అన్న అహంకారం, “నాకెందుకులే” అన్న ఉదాసీనత, ఈ రెండింటి బరువూ చివరికి మోసేది బిడ్డే.

కాబట్టి మిత్రులారా, మీరు తల్లి అయినా, టీచరు అయినా, పక్కింటివాళ్లయినా ఒక అలవాటు చేసుకోండి. వారానికొకసారి పది నిమిషాలు కలిసి కూర్చోండి. పిల్లల్లో ఎవరు తినడం లేదు, ఎవరు ఆడటం మానేశారు, ఎవరు మౌనంగా ఉంటున్నారు అని అడగండి. అందరికంటే చిన్న ఉద్యోగంలో ఉన్నవాళ్లను ముందు మాట్లాడనివ్వండి. తప్పు ఎవరిదని వెతకొద్దు. రేపు ఆ ఇంటికి ఎవరు వెళ్తారో తేల్చుకుని లేవండి.

మైత్రి ధ్యానంలో సకల ప్రాణులూ సుఖంగా ఉండాలని కోరుకుంటాం. ఆ సకల ప్రాణుల్లో మన వీధి పాప కూడా ఉంది. కుండ ఖాళీగా ఉందని మీ కంటికి కనబడిందా? అయితే ఈ రోజు నాయకులు మీరే.

భవతు సబ్బ మంగళం.