తుపాకీ పట్టిన చేతికి పంచశీల



కిందటి వైశాఖ పౌర్ణమికి మా విహారంలో, సెలవు మీద ఇంటికొచ్చిన జవాన్లకు ధమ్మ తరగతి పెట్టాం. పంచశీల మీద గంటసేపు చెప్పాలని కాగితాల నిండా రాసుకుపోయాను. మొదటి శీలం దగ్గరే ఒక తమ్ముడు లేచాడు. "అన్నా, ప్రాణం తీయనని ఇక్కడ చెప్పి, రేపు బోర్డర్‌లో తుపాకీ పట్టుకుంటే, అది నాలుగో శీలం తప్పినట్టు కూడా కాదా?"

నా కాగితాల్లో దానికి జవాబు లేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

పట్టాళంలో వాళ్లు పొద్దున్నుంచీ హుకుం వింటారు. ఇక్కడ నేనూ పైన నిలబడి చెప్పి, వాళ్లు తలూపితే, అది ఇంకో హుకుమే. కాలాములకు బుద్ధుడు చెప్పిందేమిటి? గురువు చెప్పాడని కూడా నమ్మొద్దు, మీరే విచారించి తెలుసుకోండని. అందుకే అందరం గుండ్రంగా కూర్చున్నాం. రెండు కథలు చదివాం. ఒక్కొక్కరూ తమ మాట చెప్పాలన్నాను.

మొదటిది సంయుత్త నికాయంలోని యోధాజీవుడి కథ. యుద్ధంలో చచ్చినవాడు స్వర్గానికి పోతాడంటారు, నిజమేనా అని అతను అడిగాడు. బుద్ధుడు రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి అడిగితే, దుర్గతే అన్నాడు. 'వీళ్లు చావాలి' అన్న తలపుతో అప్పటికే మనసు దిగజారి ఉంటుంది కాబట్టి. యోధాజీవుడు ఏడ్చాడు. ఆ జవాబుకి కాదు, పాత గురువులు తనను ఇన్నాళ్లూ మోసం చేశారని.

రెండోది వైశాలి సేనాపతి సింహుడి సంభాషణ. 'బుద్ధుడా, కార్ల్ మార్క్సా' వ్యాసంలో బాబాసాహెబ్ దాన్ని చూపించి, బుద్ధుడు హింసకు వ్యతిరేకే గానీ న్యాయం కోసం తప్పనిసరైతే బలప్రయోగాన్ని ఒప్పుకున్నాడని వివరించారు. శాంతి మార్గాలన్నీ అయిపోయాకే. స్వార్థం కోసం కాదు.

ఈ రెండూ ఒకే వైపు లాగవు. తమ్ముళ్లు గట్టిగానే వాదించుకున్నారు. ఒకడు, "సింహుడు సేనాపతి, యుద్ధం వద్దనగలడు. నేను సిపాయిని, నన్నెవరు అడుగుతారు?" అన్నాడు. ఇంకొకడు మెల్లిగా, "కాల్చడం కన్నా, కాల్చాలని చెయ్యి దురద పెట్టిన రోజే నాకు భయమేసింది" అన్నాడు. ఆ మాటకి అందరూ ఊరుకున్నారు. మొదటి శీలం అసలు అర్థం ఆ రోజు నాకు అతనే చెప్పాడు.

బాబాసాహెబ్ పుట్టింది మహూ కంటోన్మెంట్‌లో. తండ్రి రాంజీ సుబేదారు, సైనిక బడిలో హెడ్‌మాస్టరు. మనవాళ్లెందరికో ఆ యూనిఫామే మొదటి జీతం, మొదటి గౌరవం. అలాంటి బిడ్డను పాపివని తరిమేసే హక్కు మనకి లేదు. నీకేం పాపం లేదు పో అని చీటీ రాసిచ్చే హక్కూ లేదు. అలా రాసిచ్చినవాళ్లే యోధాజీవుణ్ణి ఏడిపించారు.

చివర్లో ఆ తమ్ముడు పంచశీల తీసుకున్నాడు. "ప్రశ్న తీరలేదన్నా, దాంతోటే తీసుకుంటున్నా" అన్నాడు. మళ్లీ సెలవుకి వచ్చినప్పుడు అక్కడినుంచే మొదలుపెడదాం అన్నాను.

మీ ఊళ్లో జవాన్లు సెలవుకొస్తే పిలవండి. ముందు వాళ్లని మాట్లాడనివ్వండి.

నమో బుద్ధాయ.