కోలాటంలో దేశభేదం – ఉద్ది ధర్మం: ఒక తాత్త్విక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకే ఆటను రెండు ప్రాంతాలవారు రెండు విధాలుగా ఆడుతున్నప్పుడు ఏది సరైనది అనే ప్రశ్నకు జానపద విజ్ఞానంలో సిద్ధంగా ఉన్న సమాధానం ఒకటుంది: రెండూ సరైనవే, ఎవరి ప్రాంతానికి వారిది ప్రమాణం. విడివిడిగా ఆడే ఆటల విషయంలో ఈ సమాధానం సరిపోతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరి కోల మరొకరి కోలను తాకితే తప్ప ఆట సాగని కోలాటంలో ఇది చాలదు. ఇరువురూ తమ తమ పద్ధతిలోనే ఆడితే కోలలు కలవవు. కాబట్టి జంటనృత్యంలో ప్రాంతభేదం వర్ణనకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. ఎవరు ఎవరికోసం సర్దుకోవాలి అనే నైతిక ప్రశ్న అందులోనే ఉంది. ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఈ పరిశీలనకు కృష్ణా మెట్ట ప్రాంతం తగిన భూమిక. జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేటలతో కూడిన ఈ భాగం నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉంది. దీనికి ఒకవైపు డెల్టా, మరొకవైపు మధిర, కోదాడల మీదుగా తెలంగాణ. ఇక్కడి సరిహద్దు ఎన్నడూ సరళరేఖ కాదు. పరిటాల పరిసర గ్రామాలు మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామాల నడుమ ఉంటూనే నిజాం రాజ్యానికి చెంది ఉండేవి. 1956లో ఒకటైన రెండు ప్రాంతాలు 2014లో తిరిగి రెండు రాష్ట్రాలైనా పెళ్లిసంబంధాలు, కూలిపనులు, తిరునాళ్లు సరిహద్దును దాటుతూనే ఉన్నాయి. ‘మా ప్రాంతం’ అనే మాటకు ఇటువంటి చోట స్థిరమైన అర్థం చెప్పడం కష్టం.

కోలాట నిర్మాణం – భేదం ఉండే తావు

కోలాటంలో ప్రధానాంగాలు మూడు: పాట, కోపు, ఉద్ది. అడుగుల, కోలల, వలయ గమనాల కూర్పు కోపు. ఎదుటి ఆటగాడు లేదా ఆటగత్తె ఉద్ది. తెలుగులో ఉద్ది అంటే జత, సాటి, సమానత అనే అర్థాలున్నాయి. ఒకే వలయంగా సాగేది ఏకకోలాటం, లోపలి వెలుపలి వలయాలుగా సాగేది జంటకోలాటం, పైనుండి వేలాడే తాళ్లను అల్లుతూ తిరిగి విప్పుతూ సాగేది జడకోలాటం.

ఇతర సామూహిక నృత్యాలతో పోల్చినప్పుడు ఉద్ది ప్రాధాన్యం స్పష్టమవుతుంది. అరకు ప్రాంతపు థింసాలో నర్తకులు చేతులు పెనవేసి ఒకే పంక్తిగా కదులుతారు. అక్కడ వ్యక్తి పంక్తిలో లీనమవుతుంది. బతుకమ్మలో వలయానికి పూలపేర్పు కేంద్రం, చప్పట్లు ఎవరివి వారివే. కోలాటంలో మాత్రం ప్రతి తాటింపుకూ ఇద్దరు కర్తలు. ఏ ఒక్కరూ తాటింపును తనదిగా చెప్పుకోలేరు.

అందువల్ల ఇక్కడ ప్రాంతభేదం ఒక్క దేహంలో ఉండదు. కోల ఎంత ఎత్తున కలవాలి, తాళంలో ఏ అక్షరం మీద తగలాలి, తిరగడం ముందా తాకడం ముందా, పాట కాలం పెరిగినప్పుడు అడుగు కుదించాలా వలయం కుదించాలా – ఈ నాలుగు తావులలోనూ భేదానికి అవకాశం ఉంది. నాలుగూ ఇద్దరి మధ్య కుదిరిన ఒడంబడికలే. జడకోలాటంలో ఈ ఒడంబడిక కంటికి కనిపిస్తుంది. అల్లినవారు అల్లిన క్రమానికి విలోమంగా తిరిగితేనే జడ విడుతుంది. ఒక్కరు తమ అలవాటు చొప్పున మలుపు మారిస్తే చిక్కుముడి అందరిదీ అవుతుంది.

శాస్త్ర దృష్టిలో దేశభేదం

భారతీయ నాట్యశాస్త్ర సంప్రదాయం ప్రాంతభేదాన్ని దోషంగా చూడలేదు. భరతుడు వేష, భాషా, ఆచారాల భేదాన్ని బట్టి ఆవంతి, దాక్షిణాత్య, పాంచాలి, ఓఢ్రమాగధి అని నాలుగు ప్రవృత్తులు చెప్పాడు. నృత్తగీతవాద్యాల పట్ల మక్కువ, కైశికీ వృత్తి దాక్షిణాత్య లక్షణాలన్నాడు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని 13వ శతాబ్దపు మధ్యభాగంలో రచించిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. వాటిలో మొదటి నాలుగు మార్గానికి, చివరి నాలుగు దేశికి చెందినవి. కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమకు చెందిన వంశంలో పుట్టి, ఓరుగల్లు ఏలికను సేవించిన లక్షణకర్త మార్గంతో సమానమైన చోటు దేశికి ఇవ్వడం గమనార్హం. చేత కోలలు ధరించి ఆడే దండరాసకం కూడా అతడు వివరించిన దేశీ నృత్తాలలో ఒకటి.

అయితే లక్షణకర్త దృష్టి చూసేవాని దృష్టి. దేశభేదం వైవిధ్యంగా కనబడేది వలయం వెలుపల నిలిచినవారికే. వలయంలో ఉన్నవారికి అది నిర్ణయించుకోవలసిన సమస్య. ఆ నిర్ణయానికి కావలసిన చర్చ నాట్యశాస్త్రంలో కంటే ధర్మశాస్త్ర, మీమాంసా గ్రంథాలలో లభిస్తుంది.

మూడు సమాధానాలు

బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదికి ప్రత్యేకమైన ఆచారాలు ఐదింటిని, ఉత్తరాదికి ప్రత్యేకమైనవి ఐదింటిని పేర్కొంటుంది. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడటం దక్షిణాది ఆచారాలలో చేరింది. తెలుగువారి మేనరికం ఈ చర్చకు విషయమైందన్నమాట. బౌధాయనుని నిర్ణయంలో ఆయా చోట్ల ఆయా దేశమే ప్రమాణం. ఒక చోటి ఆచారాన్ని మరొక చోట పాటించడం దోషం. ఇది అసత్యమని గౌతముని అభిప్రాయంగా ఆ గ్రంథమే చెబుతుంది. శిష్టస్మృతికి విరుద్ధమైతే రెండిటినీ ఆదరించరాదని ఆ పక్షం. మూడవ సమాధానం జైమినిది. పూర్వమీమాంసలోని హోలాకాధికరణం తూర్పువారు ఆడే వసంతోత్సవాన్ని ఉదాహరణగా తీసుకుంటుంది. అటువంటి ఆచారానికి ప్రామాణ్యం ఉంటే అది తూర్పువారికేనా, అందరికీనా అన్నది ప్రశ్న. ప్రామాణ్యమంటూ ఉంటే అందరికీ ఉంటుందన్నది సిద్ధాంతం. మథుర విడిచి వెళ్లినవాణ్ణి కూడా మాథురుడనే అంటారన్న దృష్టాంతం అక్కడిదే. మనిషి కదులుతాడు, దేశనామం అతని వెంట వెళుతుంది. అటువంటప్పుడు దేశం ధర్మానికి హద్దు ఎలా అవుతుంది?

ఈ మూడు పక్షాలనూ కోలాట వలయంలోకి తెచ్చి చూడవచ్చు. బౌధాయన పక్షంలో వచ్చినవారు ఉన్నవారికోసం మారాలి. ఇది మర్యాదగా తోస్తుంది. కాని ఎల్లప్పుడూ ‘వచ్చినవారు’ ఎవరన్న ప్రశ్న వేస్తే దీని భారం ఎవరిమీద పడుతుందో తెలుస్తుంది. నేడు ఆలయోత్సవాలలో కనిపించే కోలాట బృందాలలో స్త్రీలే అధికం. పుట్టింట ఆట నేర్చి మెట్టినింటికి వచ్చిన కోడలు ఊరు మారిన ప్రతిసారీ మారవలసిన వ్యక్తి అవుతుంది. మధిర వైపు నేర్చినామె నందిగామ వైపు కోడలైతే, ఆమెకు చేతనైన ఆట అంతా ఒక్కరోజులో ‘తప్పు’గా మారుతుంది. ప్రాంతానికి ఇచ్చిన గౌరవం ఆమెకు అగౌరవమైంది.

గౌతమ పక్షంలో ఇరువురూ శిష్టసమ్మతమైన మూడవ పద్ధతికి మారాలి. నేటి శిష్టులు శిక్షకులు, పోటీల న్యాయనిర్ణేతలు, చరవాణిలో చూసి నేర్చుకునే దృశ్యాలు. జైమిని పక్షం వీటికంటే ఉదారమైనది. కోపు మంచిదైతే అది ఎవరిదైనా అందరూ ఆడదగినదే. కోడలి కోపును ఊరివారూ నేర్వవచ్చు. అయితే ఈ పక్షం అధికారం ఎవరికుందో చెబుతుంది గాని, ఈ క్షణంలో కోల ఎక్కడ తగలాలో చెప్పదు.

ఉద్ది ధర్మం

మూడు పక్షాలూ ప్రమాణాన్ని ఇద్దరి వెలుపల వెదికాయి: దేశంలో, స్మృతిలో, సార్వత్రిక విధిలో. కోలాటంలో ‘తప్పు’ అనే మాటకు అర్థం చూస్తే ప్రమాణం మరింత దగ్గరగా ఉందని తెలుస్తుంది. ఏకపాత్ర నృత్యంలో తప్పు లక్షణం నుండి తొలగడం. కోలాటంలో తప్పు జరిగితే ఎదుటి కోల గాలిని కొడుతుంది, లేదా ఉద్ది వేళ్లకు దెబ్బ తగులుతుంది. తప్పు ఒక మనిషికి జరుగుతుంది. అందువల్ల ఒప్పు కూడా ఒక మనిషి పట్ల నెరవేర్చేదే.

దీనిని ఉద్ది ధర్మం అనవచ్చు. ఇందులో మూడు అంశాలున్నాయి. మొదటిది, ఎదుటివారు ఆశించిన చోట, ఆశించిన వేళ తన కోల ఉండటం. రెండవది, తన అలవాటు వేరైతే కోల ఎత్తకముందే తెలియజేయడం. మూడవది, సర్దుబాటు ఒకవైపే నిలిచిపోకుండా చూడటం. సమానత అనే అర్థం ఉద్ది అనే పదంలోనే ఉంది గనుక, ఎప్పుడూ ఒక్కరే మారే జంటలో ఉద్దులు లేరు. ఒకరు ఆడుతున్నారు, మరొకరు అనుసరిస్తున్నారు.

దీనిపై ఒక ఆక్షేపం రావచ్చు. ప్రతి జంటా తన ఒప్పందం తాను చేసుకుంటే ఇక ప్రాంతశైలి ఎక్కడిది? కోపు నిర్మాణమే దీనికి సమాధానం. అనేక కోపులలో ఉద్ది మారుతుంటారు. ఒక జంట మధ్య కుదిరిన సర్దుబాటు తరువాతి ఉద్దికి కూడా అందేదైతేనే నిలుస్తుంది. అందని చమత్కారం రాలిపోతుంది. ఇలా వలయమంతా తిరిగి, తరాలు తిరిగి నిలిచిన సర్దుబాట్ల మొత్తమే ప్రాంతశైలి. అప్పుడు శైలికి గౌరవం నేలవల్ల వచ్చింది కాదు, అందులో నిక్షిప్తమైన పరస్పర సర్దుబాటువల్ల వచ్చింది.

ఈ సమాధానమే శైలికి ఒక పరిమితిని కూడా చూపుతుంది. వలయంలో నిలిచినవారి సర్దుబాట్లే శైలి అయితే, వలయంలోకి రానివ్వనివారి అలవాట్లు అందులో లేవు. గ్రామజీవనంలో కులాన్ని బట్టి, స్త్రీపురుష భేదాన్ని బట్టి ఎవరి వలయం వారిదిగా ఉండటం సామాన్యం. ‘ఇది మా ఊరి పద్ధతి’ అనే మాటలో ఊరంతా ఉన్నదా అని అడిగే హక్కు పరిశోధకునికే కాదు, ఊరివారికీ ఉంది.

సామాన్య రూపం – లాభనష్టాలు

జంటనృత్యానికి సామాన్య రూపం ఏర్పరచే ప్రయత్నాలు ఇతర దేశాలలోనూ జరిగాయి. 1920లో లండన్‌లో నృత్యోపాధ్యాయులు సమావేశమై జంటనృత్యాల అడుగులను క్రమబద్ధం చేయడానికి పూనుకున్నారు. ఎక్కడ నేర్చినవారైనా ఎక్కడివారితోనైనా ఆడగలగడం ఇటువంటి క్రమబద్ధతవల్ల కలిగే లాభం. బ్యూనస్ ఐరిస్ వీధులలో పుట్టిన టాంగో కూడా ఆ పాఠ్యక్రమంలో చేరి పోటీలకు అనువైన మరొక రూపం పొందింది. టాంగోను అర్జెంటీనా, ఉరుగ్వేల ఉమ్మడి వారసత్వంగా 2009లో యునెస్కో గుర్తించింది. ఈ రెండు రూపాలనూ నేడు పేరులో ఒకటిగా, నడకలో వేరుగా చూస్తున్నాం.

కోలాటంలో ఇటువంటి పరిణామం నేడు నడుస్తోంది. తిరుమల బ్రహ్మోత్సవాలలో వాహనసేవల ముందు వివిధ ప్రాంతాల బృందాలు కోలాటం ప్రదర్శిస్తున్నాయి. పెద్ద ఊరేగింపుకు అనువైన పంక్తి, ఏకరూప వస్త్రం, ముందుగా అమర్చిన పాట సామాన్య రూపానికి దారితీస్తాయి. దీనిని నష్టంగా మాత్రమే చెప్పడం న్యాయం కాదు. గురువు ఇంట పుట్టనివారికి, ఊరి వలయంలో చోటు దొరకనివారికి, మెట్టినింట కొత్తగా నిలిచినవారికి ఈ సామాన్య రూపమే తలుపు తెరిచింది.

ఇక్కడ భాషాచర్చ తోడ్పడుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. వాటిలో మధ్యమండలపు వ్యవహారం ఆధునిక ప్రమాణభాషకు ఎక్కువగా ఆధారమైంది. ప్రమాణం అందరినీ కలిపింది. కాని ఎవరి పలుకు ప్రమాణమైందో వారు మారవలసిన అవసరం లేకపోయింది. మార్పు భారం తక్కినవారిపై పడింది. సామాన్య కోలాటాన్నీ ఇదే ప్రశ్నతో పరీక్షించాలి. అది అందరూ కొంత విడిచి చేరుకున్నదా, ఒకరిది మిగిలినవారంతా నేర్చుకున్నదా? మొదటిదైతే అది కొత్త వలయం. రెండవదైతే బౌధాయనుని ‘దేశప్రామాణ్యమే’ పెద్ద దేశం పేరుతో తిరిగి వచ్చినట్లు.

ముగింపు

ప్రాంతభేదాన్ని కాపాడటం తనంత తానుగా ధర్మం కాదు, దానిని తుడిచివేయడం తనంత తానుగా ప్రగతీ కాదు. జంటనృత్యంలో రెండిటికీ పరీక్ష ఒక్కటే: ఎదుట నిలిచినవారు సమానులుగా ఆడగలుగుతున్నారా? ఈ దృష్టితో క్షేత్రపరిశోధన విధానం కూడా కొంత మారవలసి ఉంటుంది. ఏ ఊరిలో ఏ కోపు ఉందో నమోదు చేయడంతో ఆగక, వేరే ఊరినుండి వచ్చినవారు వలయంలో చేరినప్పుడు ఎవరు మారారు, ఎంత మారారు అన్నదీ నమోదు చేయాలి. డెల్టాకూ తెలంగాణకూ నడుమ నిలిచిన జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం అందుకు సహజమైన క్షేత్రం. అక్కడ సేకరించవలసిన మొదటి సాక్ష్యం ఊరి పెద్ద గురువు చెప్పే పద్ధతి మాత్రమే కాదు. నిరుడు కోడలిగా వచ్చి ఈ యేడు వలయంలో నిలిచిన స్త్రీ, తన చేతికి అలవాటైన కోపులలో ఏవి మానుకున్నదో, ఏ ఒక్కటి ఊరికి నేర్పగలిగిందో చెప్పే మాట కూడా అంతే ముఖ్యం.